మార్క్ టూనా, మార్క్ ఫోరా? ఒకే పెళ్ళి పందిట్లో రెండు తరాల కానన్ 5డి కెమెరాలు

[దృశ్యం: బల్ల మీద రెండు కెమెరాలు. పేర్ల మీద నల్ల టేపు అంటించి ఉంది. ఒకదానికి గ్రిప్ రబ్బరు లేచిపోయి, బొటనవేలు ఆనే చోట రంగు పోయి లోహం మెరుస్తోంది.]

నమస్తే అండీ. ఈ రెండింట్లో పాతది ఏదో చెప్పడానికి ఫొటోగ్రాఫరే కానక్కర్లేదు. టేపు తీసేద్దాం.

[టేపు తీస్తున్న చెయ్యి, దగ్గరగా]

ఇది కానన్ 5డి మార్క్ టూ. 2008 సెప్టెంబరులో ప్రకటించారు. పక్కది 5డి మార్క్ ఫోర్, 2016 ఆగస్టుది. ఎనిమిదేళ్ళ తేడా. ఇప్పుడు రెండూ సెకండ్‌హ్యాండ్‌లోనే ఎక్కువ చేతులు మారుతున్నాయి. నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే పాట: "అన్నా, మార్క్ టూ చవగ్గా వస్తోంది, తీసేసుకోనా? లేక ఇంకో సీజన్ ఆగి మార్క్ ఫోర్ కొననా?"

నేను మార్క్ టూతో చాలా పెళ్ళిళ్ళు చేశాను. మార్క్ ఫోర్ ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది. అందుకని స్టూడియోలో టెస్ట్ చార్టు ముందు కాదు, మన పెళ్ళి పందిట్లోనే ఈ రెండింటినీ పక్కపక్కన పెడతాను.

[స్క్రీన్ మీద: 21.1 మెగాపిక్సెళ్ళు / 30.4 మెగాపిక్సెళ్ళు]

ముందు అందరూ అడిగేది మెగాపిక్సెళ్ళ గురించి కాబట్టి, అది త్వరగా తేల్చేద్దాం. 21కీ 30కీ చాలా తేడా అనిపిస్తుంది. కానీ ఫొటో వెడల్పు చూడండి. మార్క్ టూలో 5616 పిక్సెళ్ళు, మార్క్ ఫోర్‌లో 6720. అంటే వెడల్పులో పెరిగింది ఇరవై శాతం, అంతే.

ఇప్పుడు మన ఆల్బమ్ లెక్క చూద్దాం. ఎక్కువమంది చేయించుకునే సైజు 12×36. అందులో ఒక వైపు పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేస్తే 5400 × 3600 పిక్సెళ్ళు కావాలి. మార్క్ టూ ఇచ్చేది 5616 × 3744. కొలిచి కుట్టించిన జాకెట్టులా సరిపోయింది కదూ! పేజీ నిండా ఒకే ఫొటో వేసినా ఢోకా లేదు. మార్క్ ఫోర్‌లో మిగిలే పిక్సెళ్ళు పక్కన నిలబడ్డ క్యాటరింగ్ కుర్రాణ్ణి క్రాప్ చేసి తీసెయ్యడానికి పనికొస్తాయి. అదీ అవసరమే, కాదనను. కానీ దానికోసమే అప్పు చెయ్యక్కర్లేదు.

అసలు తేడా ఫోకస్ దగ్గర మొదలవుతుంది. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నా జుట్టు సగం తెల్లబడింది దీనివల్లే.

[దృశ్యం: మార్క్ టూ వ్యూఫైండర్ లోంచి. మధ్యలో వజ్రం ఆకారంలో తొమ్మిది చిన్న గళ్ళు.]

మార్క్ టూలో మనం ఎంచుకోగల ఫోకస్ పాయింట్లు తొమ్మిది. అన్నీ ఫ్రేము మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. వాటిలో మధ్యది ఒక్కటే క్రాస్ టైప్. అంటే నిలువు గీతనైనా, అడ్డ గీతనైనా పట్టుకునేది అదొక్కటే. మిగతా ఎనిమిదీ పగటి వెలుగులో పర్వాలేదు, రాత్రి ముహూర్తానికి మాత్రం నమ్మలేం. అందుకే మార్క్ టూ వాడినవాళ్ళందరికీ ఒకే అలవాటు. మధ్య పాయింటుతో కన్ను మీద ఫోకస్ లాక్ చేసి, కెమెరా పక్కకు జరిపి, ఫ్రేము కుదుర్చుకుని నొక్కడం.

పగలు, లెన్సు రంధ్రం చిన్నగా ఉండే ఎఫ్/8 దగ్గర, ఇది హాయిగా నడుస్తుంది. రాత్రి మూడున్నర ముహూర్తానికి 85 ఎంఎం లెన్సు రంధ్రం పెద్దగా తెరిచి, ఎఫ్/1.8 మీద పెట్టి చూడండి. ఫోకస్‌లో ఉండే మందం వేళ్ళతో కొలిచేంతే ఉంటుంది. కెమెరా కాస్త జరగ్గానే ఆ పొర కూడా జరిగిపోతుంది. వెనక స్క్రీన్ మీద ఫొటో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే బాసికం మీద ముత్యాలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. పెళ్ళికూతురి కళ్ళు మాత్రం మెత్తగా!

[స్క్రీన్ మీద: ఒకే ఫొటో రెండు క్రాపులు. నుదుటి మీద బాసికం, కింద కన్ను.]

మార్క్ ఫోర్‌లో ఫోకస్ పాయింట్లు 61. వాటిలో 41 క్రాస్ టైప్. ఇవీ ఫ్రేము చివరిదాకా రావు కానీ చాలావరకు పరుచుకుని ఉంటాయి. కన్ను ఎక్కడుంటే అక్కడి పాయింటే ఎంచుకోవచ్చు, కెమెరా జరపక్కర్లేదు. ఇంకొకటి, చీకట్లో చూపు. మార్క్ టూ ఫోకస్ మైనస్ 0.5 ఈవీ (వెలుగును కొలిచే అంకె, తగ్గేకొద్దీ చీకటి) దాకా పనిచేస్తుందని కానన్ లెక్క. మార్క్ ఫోర్ మధ్య పాయింటుకు అది మైనస్ 3. అంటే మార్క్ టూ చేతులెత్తేసే వెలుగులో ఐదో వంతు కూడా లేకపోయినా మార్క్ ఫోర్ పట్టుకుంటుందన్నమాట. వీడియో వాళ్ళు ఫోకస్ లైటు ఆర్పేసి భోజనానికి వెళ్ళిన పందిట్లో ఉన్నవాళ్ళకి ఈ అంకె విలువ తెలుస్తుంది.

ఇక తలంబ్రాలు.

[దృశ్యం: స్లో మోషన్‌లో తలంబ్రాలు. బియ్యంతో పాటు రంగురంగుల థర్మాకోల్ పూసలు.]

మన పెళ్ళిలో ఆటోఫోకస్‌కు ఇంతకు మించిన పరీక్ష లేదు. ఇద్దరి ముఖాలకూ మనకూ మధ్య బియ్యం, థర్మాకోల్ పూసలు ఎగురుతుంటాయి. ముఖాలు ఒక చోట నిలవవు. పైనుంచి అమ్మాయి స్నేహితురాళ్ళ చేతులు. మార్క్ టూ ఎదురుగా ఎగిరిన పూసనే అసలు మనిషి అనుకుంటుంది. లెన్సు ముందుకీ వెనక్కీ హంట్ అవుతుంది. అది తేరుకునేలోపు పళ్ళెం ఖాళీ. సెకనుకు వచ్చే ఫ్రేములు 3.9 కాబట్టి, దొరికినా రెండో మూడో.

మార్క్ ఫోర్ మెనూలో ఫోకస్ ట్రాకింగ్‌కు ఆరు కేసులు ఉంటాయి. కేస్ టూ అన్నది సరిగ్గా దీనికోసమే చేశారేమో అనిపిస్తుంది. మధ్యలో ఏదైనా అడ్డొచ్చినా పట్టించుకోకుండా, ముందు పట్టుకున్న మనిషినే అంటిపెట్టుకుని ఉండమని చెప్పే సెట్టింగ్ అది. జపాన్‌లో కూర్చుని చేసినవాళ్ళ మనసులో బహుశా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఉండి ఉంటారు. నాకు మాత్రం తలంబ్రాల కేస్. సెకనుకు ఏడు ఫ్రేములు. ప్రతి ఫొటో వస్తుందని చెప్పను, కానీ పదింట్లో ఆరేడు ఆల్బమ్‌కు పనికొస్తాయి.

[దృశ్యం: ఎడిటింగ్ స్క్రీన్. పూలజడ నీడలు పైకి లేపుతున్న స్లైడర్.]

నీడల సంగతి. పెళ్ళికొడుకు తెల్ల పట్టుపంచె, పెళ్ళికూతురి నల్లటి జడ ఒకే ఫ్రేములో ఉంటాయి. పంచె తెల్లగా కాలిపోకుండా తీస్తే జడ నల్లటి ముద్దవుతుంది. రా ఫైలులో, అంటే కెమెరా సవరించని అసలు ఫైలులో, ఆ జడ నీడని పైకి లేపినప్పుడు మార్క్ టూ గుట్టు బయటపడుతుంది. చూడండి, జడలో సన్నటి చారలు. ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) తక్కువగా 100 మీద తీసినా నీడలు బాగా లేపితే ఇవి తప్పవు.

కారణం ఇది. సెన్సర్ మీద పడిన వెలుగు మొదట కరెంటు రూపంలో ఉంటుంది. దాన్ని అంకెలుగా మార్చే భాగం మార్క్ టూలో సెన్సర్‌కు బయట వేరే చిప్‌లో ఉంది. అక్కడికి చేరేలోపు దారిలో నాయిస్, అంటే ఫొటోలో చుక్కలుగా, చారలుగా కనిపించే చెత్త, కలుస్తుంది. పాలు పల్లెలో పితికి, పట్నం చేరాక కొలిచినట్టు. దారిలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? మార్క్ ఫోర్‌లో ఆ కొలత సెన్సర్ మీదే జరిగిపోతుంది, పితికిన చోటే. నీడలు లేపినా జడ జడలాగే ఉంటుంది. ఐఎస్ఓ విషయంలో నా హద్దు మార్క్ టూకి 3200, మార్క్ ఫోర్‌కి ధైర్యంగా 6400.

ఇంకో చిన్న మాట. "మార్క్ టూ కలర్ ఇంక దేనికీ రాదు" అనేవాళ్ళు ఉన్నారు. రా తీసి, వైట్ బ్యాలెన్స్ సరిచేసి, కెమెరా పేరు దాచి చూపిస్తే నేనే గుర్తుపట్టలేకపోయాను.

[దృశ్యం: మార్క్ టూ వెనక స్క్రీన్, లైవ్ వ్యూ ఆన్]

వీడియోకు వస్తే, మార్క్ టూకి దండం పెట్టాలి. ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లో 1080 వీడియో ఇచ్చిన మొదటి కెమెరా ఇదే. సినిమా లెన్సులు కొనలేనివాళ్ళకి వెనక దృశ్యం మసకగా కరిగిపోయే బొమ్మ చేతికొచ్చింది. మన దగ్గరే, 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని ఐదు రోజుల్లో కానన్ 5డి కెమెరాలతో తీసేశారు. షార్ట్ ఫిల్మ్ తీయాలనుకున్న ప్రతి కుర్రాడూ ఆ రోజుల్లో మార్క్ టూ అద్దెకు ఎక్కడ దొరుకుతుందా అని తిరిగినవాడే.

అయినా ఈ రోజు పెళ్ళి వీడియోకు మార్క్ టూ వద్దనే అంటాను. వీడియోలో వెంటాడే ఆటోఫోకస్ లేదు, రింగు చేత్తో తిప్పాల్సిందే. ఫైలు 4 జీబీకి చేరగానే, అంటే సుమారు 12 నిమిషాలకి, రికార్డింగ్ ఆగిపోతుంది. ఆగిందని మనం చూసుకోకపోతే అంతే సంగతులు. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు. పైగా సన్న గళ్ళ చీరలు, సన్న చారల చొక్కాలు ఉంటే బట్ట మీద లేని రంగుల అలలు కదులుతుంటాయి. వీడియో తీసేటప్పుడు సెన్సర్ మీద కొన్ని వరసలు వదిలేసి చదవడం వల్ల వచ్చే తంటా అది.

మార్క్ ఫోర్‌లో స్క్రీన్ మీద పెళ్ళికూతురి ముఖాన్ని వేలితో తాకితే చాలు, ఫోకస్ మెల్లగా జారుకుంటూ అక్కడికి వెళ్తుంది. డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ అంటారు దీన్ని. ఒక్కసారి అలవాటైతే వెనక్కి వెళ్ళలేం. 4కే, అంటే 1080 కన్నా ఎక్కువ పిక్సెళ్ళున్న వీడియో, మాత్రం నేను పెద్దగా వాడను. 6720 పిక్సెళ్ళ వెడల్పులో మధ్యలోని 4096 మాత్రమే వాడుకుంటుంది కాబట్టి 24 ఎంఎం లెన్సు కాస్తా 40లా మారిపోతుంది, అంటే ఫ్రేములో పట్టేది తగ్గిపోతుంది. ఇరుకు కల్యాణ మండపంలో వెనక్కి జరగడానికి గోడ ఒప్పుకోదు. ఫైళ్ళు నిమిషానికి దాదాపు 4 జీబీ. 64 జీబీ కార్డు పదిహేడు నిమిషాలకి నిండిపోతుంది.

[దృశ్యం: రెండు కెమెరాల కార్డు తలుపులు తెరిచి. ఒకదాంట్లో ఒక స్లాట్, ఇంకోదాంట్లో రెండు.]

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. మార్క్ టూలో కార్డు స్లాట్ ఒక్కటే. ఒక పల్లెటూరి పెళ్ళిలో అప్పగింతలయ్యాక లాప్‌టాప్‌లో కార్డు పెడితే తెరుచుకోలేదు. కార్డు ఏ కంపెనీదో అనవసరం. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా కూర్చుంటే స్నాతకం, గౌరీపూజ వచ్చాయి. జీలకర్ర-బెల్లం నుంచి ఒక్క ఫ్రేము కూడా లేదు. పెళ్ళికూతురి నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన తిట్టలేదు. "సరే బాబూ, పదహారు రోజుల పండక్కి రా, మళ్ళీ ముస్తాబు చేయిస్తాం" అన్నారు. వెళ్ళి తీశాను. నగలు అవే, చీర అదే. దండలు కొత్తవి, ఇద్దరూ మొహమాటంగా నవ్వుతున్నారు. ఆ ఆల్బమ్‌కు డబ్బులు తీసుకోలేదు.

మార్క్ ఫోర్‌లో సీఎఫ్ (కాంపాక్ట్ ఫ్లాష్) కార్డుకు ఒకటి, చిన్న ఎస్డీ కార్డుకు ఒకటి, రెండు స్లాట్లు ఉంటాయి. ఒకే ఫొటోని రెండింట్లోనూ రాయమని మెనూలో పెట్టొచ్చు. ఎస్డీ వైపు కాస్త నెమ్మది కాబట్టి వరసగా నొక్కుతుంటే బఫర్ (కార్డు మీద రాసేలోపు ఫొటోలు ఆగే చోటు) త్వరగా నిండుతుంది. నిండనీండి, ఫర్వాలేదు.

మీ దగ్గర ఇప్పటికే మార్క్ టూ ఉంటే మంచి వార్త ఒకటుంది. దాని ఎల్‌పీ-ఈ6 బ్యాటరీలు, సీఎఫ్ కార్డులు, ఈఎఫ్ రకం కానన్ లెన్సులు అన్నీ మార్క్ ఫోర్‌లో పనిచేస్తాయి. బాడీ ఒక్కటి కొంటే చాలు. మార్క్ ఫోర్‌లో జీపీఎస్ మాత్రం ఆఫ్‌లో పెట్టుకోండి, లేకపోతే ఒక మోడ్‌లో కెమెరా ఆఫ్ చేసి ఉన్నా బ్యాటరీ తింటూనే ఉంటుంది.

మరి ఏది కొనాలి? నేర్చుకుంటున్నవాళ్ళకి, స్టూడియోలో పాస్‌పోర్ట్, పోర్ట్రెయిట్ తీసేవాళ్ళకి, పగటిపూట అవుట్‌డోర్ చేసేవాళ్ళకి మార్క్ టూ ఇప్పటికీ బంగారం. పెళ్ళికి ఒంటరిగా వెళ్ళేవాళ్ళు దాంతో వెళ్ళకండి. అప్పుడు మార్క్ ఫోరే. డబ్బు అంత లేదంటే మధ్యలో 2012 నాటి మార్క్ త్రీ ఉంది, దాన్ని అందరూ మర్చిపోతారు. 22.3 మెగాపిక్సెళ్ళు, అక్కడా 61 ఫోకస్ పాయింట్లు, రెండు కార్డు స్లాట్లు. నీడల్లో చారలు కొంత ఉంటాయి, 4కే లేదు. నేను ఇందాక ఏడ్చిన రెండు ఏడుపులూ, ఫోకస్‌దీ ఒకే కార్డుదీ, మాత్రం అందులో లేవు.

[దృశ్యం: కెమెరా చేతిలో తిప్పి చూస్తూ]

కొనేముందు చూడాల్సినవి. మార్క్ టూ, మార్క్ ఫోర్ రెండింటి షట్టరూ లక్షా యాభై వేల క్లిక్కులకి పరీక్షించినవే. పెళ్ళికి మూడు వేలు వేసుకోండి, యాభై పెళ్ళిళ్ళు. మాఘం నుంచి వైశాఖం దాకా తీరిక లేనివాడికి అది ఎన్నాళ్ళు వస్తుందో మీరే లెక్కేసుకోండి. ఈ కెమెరాల్లో ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులయ్యాయో ఆ అంకె ఫొటో వివరాల్లో కనపడదు. "పది వేలే తీశానన్నా" అనే మాట నమ్మకుండా, లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చదివించుకోండి. ఎఫ్/16 పెట్టి తెల్లటి ఆకాశాన్ని ఒక ఫొటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము, గీతలు బయటపడతాయి.

ఇక సీఎఫ్ స్లాట్. లోపల రెండు వరసల్లో సూదుల్లాంటి పిన్నులుంటాయి. కార్డు అడ్డదిడ్డంగా తోస్తే ఒక్క పిన్ను వంగినా చాలు, కెమెరా పనికిరాదు. పైనుంచి చూస్తే కనపడదు. ఫోన్ టార్చ్ వేసి, తలుపు తెరిచి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. అమ్మేవాడు "ఏంటన్నా, నమ్మకం లేదా?" అంటాడు. నవ్వి, టార్చ్ అలాగే పట్టుకోండి.