బొమ్మ ఉండవలసిన చోటు: పాత బాలల పుస్తకాల సేకరణపై ప్రసంగం

సభాధ్యక్షులకు, పుస్తకాభిమానులందరికీ నమస్కారం.

పాత బాలల పుస్తకాలు సేకరించేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న, "మీ దగ్గర ఉన్నది ప్రథమ ముద్రణేనా?" అనేది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ అంతకంటే ముందు అడగవలసినది మరొకటి ఉందని, చాలా ఏళ్లు ఈ పుస్తకాల మధ్య గడిపిన తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది: "ఇందులో బొమ్మలన్నీ ఉన్నాయా, ఉండవలసిన చోటే ఉన్నాయా?"

ఈ మాట ఎందుకు అంటున్నానో ఒక్క ఆకు చూస్తే తెలుస్తుంది. లూయిస్ కరోల్ రాసిన 'త్రూ ది లుకింగ్ గ్లాస్' 1871 డిసెంబరులో వెలువడింది. అందులో కథానాయిక ఆలిస్ అద్దంలోకి చొచ్చుకుపోతున్న బొమ్మను ఆకుకు ఒకవైపు, అద్దానికి అవతల ఆమె బయటపడుతున్న బొమ్మను సరిగ్గా అదే ఆకుకు రెండోవైపు ముద్రించారు. అంటే చదివే బిడ్డ ఆకు తిప్పినప్పుడు ఆ కాగితమే అద్దమవుతుంది, ఆ చేతితోనే ఆలిస్ అద్దం దాటుతుంది. తర్వాత వచ్చిన అనేక కూర్పులలో ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనో, వేర్వేరు ఆకులమీదో పడ్డాయి. కథలో ఒక్క వాక్యం మారలేదు, చిత్రకారుడు జాన్ టెనియల్ గీసిన ఒక్క గీత కూడా మారలేదు, అయినా ఆ పుస్తకం చేసే పని ఒకటి ఆగిపోయింది.

ఇలాంటిదే 1926 నాటి 'విన్నీ ది పూ'లోనూ కనిపిస్తుంది. ఎలుగుబంటి చెట్టెక్కుతున్నప్పుడు వాక్యాన్ని ముక్కలు చేసి, ఇ. హెచ్. షెపర్డ్ గీసిన పొడవాటి చెట్టు పక్కన ఒకదానికింద ఒకటిగా పేర్చారు. చదివేవారి కన్ను కూడా ఆ చెట్టు వెంబడే కదులుతుంది. 1900లో షికాగోలో అచ్చయిన 'ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్'లో ప్లేట్లు అనే, విడి కాగితాలమీద వేసిన రంగుల బొమ్మలు 24 కాక, పాఠం మధ్యలోని బొమ్మల రంగు కూడా కథ నడిచే ప్రదేశాన్నిబట్టి మారుతుంది: మంచ్‌కిన్ల దేశంలో నీలం, పచ్చల నగరంలో ఆకుపచ్చ. ఆ పుస్తకం వేరే ప్రచురణకర్త చేతికి వెళ్లాక ప్లేట్ల సంఖ్య తగ్గింది. తగ్గిన పుస్తకం చదివినవారికి కథ తెలుస్తుంది, కానీ దాని చిత్రకారుడు డబ్ల్యు. డబ్ల్యు. డెన్స్‌లో వేసిన రంగుల దారి తెలియదు.

బొమ్మ పాఠంతో ఇంత కలిసిపోవడానికి ఆనాటి ముద్రణ పద్ధతి ఒక కారణం. చిత్రకారుడి గీతను నిపుణులు గట్టి బాక్స్‌వుడ్ దిమ్మ మీద, గీత ఉన్నంతమేర చెక్కను నిలిపి, మిగిలినదంతా తొలిచి చెక్కేవారు. టెనియల్ బొమ్మలను చెక్కినవారు డాల్జియల్ సోదరులు. ఆ దిమ్మ అచ్చు అక్షరాల ఎత్తే ఉండేది కనుక, అక్షరాలతోపాటే ఒకే చట్రంలో బిగించి, ఒకే సిరాతో ముద్రించడానికి వీలయ్యేది. ఎక్కువ ప్రతులు కావలసినప్పుడు దిమ్మ అరిగిపోకుండా దాని నుంచి ఎలక్ట్రోటైపు అనే లోహపు నకలు తీసి దానితో ముద్రించేవారు. ఏళ్లు గడిచి నకళ్లు అరిగినకొద్దీ సన్నని గీతల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి, ముఖాల మీది వెలుగు మందగిస్తుంది. ఒకే బొమ్మను తొలినాటి ప్రతిలోనూ, యాభై ఏళ్ల తర్వాతి ప్రతిలోనూ భూతద్దంతో చూసినవారికి ఈ తేడా మరపురాదు. ఆలిస్ బొమ్మల మూల దిమ్మలు 1985లో లండన్‌లోని ఒక బ్యాంకు ఖజానాలో బయటపడినప్పుడు, వాటినుంచి నేరుగా కొత్త ప్రతులు తీయడానికి పూనుకున్నది ఆ తేడా తెలిసినవారే.

ఇక ప్రథమ ముద్రణ సంగతి. ఆలిస్ కథల్లో మొదటి పుస్తకం 'ఆలిస్ అడ్వెంచర్స్ ఇన్ వండర్‌లాండ్' 1865లో 2000 ప్రతులు అచ్చయింది. బొమ్మల ముద్రణ బాగా రాలేదని టెనియల్ అసంతృప్తి చెందడంతో, కరోల్ అప్పటికే పంచిన ప్రతులను వెనక్కి తెప్పించి, మరో ముద్రాపకుడి చేత పుస్తకమంతా తిరిగి అచ్చు వేయించాడు. అది 1866 సంవత్సరంతో వచ్చింది. తిరస్కరించిన పాత ఫారాలు, అంటే అచ్చయినా ఇంకా పుస్తకంగా కుట్టని కాగితాలు, అమెరికాకు అమ్ముడుపోయి, అక్కడ వేరే ముఖపత్రంతో పుస్తకమయ్యాయి. ఆ 1865 ప్రతులు నేడు ప్రపంచంలో ఇరవై పైచిలుకు మాత్రమే మిగిలాయి కనుక వాటి వెల ఆకాశాన్ని అంటుతుంది. ఆ అరుదుతనాన్ని నేను గౌరవిస్తాను. కానీ చిత్రకారుడు ఒప్పుకోని ముద్రణ అది. ఆయన ఒప్పుకున్న బొమ్మలు 1866 ప్రతిలో ఉన్నాయి. బొమ్మలకోసం సేకరించేవారు ఆ రెండోదానికే మొదటి స్థానం ఇవ్వాలని నా నిశ్చితాభిప్రాయం.

బియాట్రిక్స్ పాటర్ కథ కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 1893లో జబ్బుపడిన ఒక పిల్లవాడికి బొమ్మలతో రాసిన ఉత్తరాన్ని ఆమె తర్వాత 'ది టేల్ ఆఫ్ పీటర్ రాబిట్' పుస్తకంగా పెంచి, ప్రచురణకర్తలు నిరాకరించగా, 1901 డిసెంబరులో తన సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించుకుంది. ముఖపత్రానికి ఎదురుగా ఉన్న రంగుల బొమ్మ పక్కన పెడితే లోపలి బొమ్మలన్నీ నలుపు తెలుపులే. 1902లో రంగుల కూర్పు వచ్చింది. 1903లో అట్ట లోపలివైపు రంగుల పుటలు చేర్చడానికి చోటు కావలసివచ్చి నాలుగు బొమ్మలు తీసేశారు. కుందేలు పిల్ల కథ తెలియనివారు అరుదు, కానీ ఆ నాలుగు బొమ్మలతో సహా చదివినవారు తక్కువమందే అయి ఉంటారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మూడు రంగుల ముద్రణ వచ్చాక పరిస్థితి మారింది. ఆ పద్ధతికి నున్నటి ఆర్ట్ పేపర్ కావాలి; అందుచేత బొమ్మలను విడిగా ముద్రించి పుస్తకంలో అతికించేవారు. ఆర్థర్ రాకమ్ 1906లో పీటర్ పాన్ కథకు వేసిన 50 ప్లేట్లు ఈ తీరువే. అతికించినది ఊడుతుంది, అందమైనదాన్ని ఎవరో కోసి పటం కట్టించుకుంటారు. అలాంటి పుస్తకం ఒకటి నేను చూడకుండానే తపాలాలో తెప్పించుకున్నాను. ముందున్న బొమ్మల పట్టికతో సరిచూసుకుంటూ వెళ్తే, ఒకచోట బొమ్మ లేదు, దాన్ని కాపాడటానికి వేసిన పలుచని కాగితం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. కొనేముందు పట్టికను దగ్గర పెట్టుకుని ఒక్కొక్క బొమ్మనూ లెక్కపెట్టమని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

ముద్రణ సంవత్సరం పోల్చుకోవడానికి ముఖపత్రం మీది తేదీ ఒక్కటే చాలదు. తర్వాతి ముద్రణల్లోనూ పాత హక్కుల సంవత్సరాన్నే ఉంచేయడం మామూలు. చివరి పుటల్లోని ప్రకటనల్లో ఏ పుస్తకాల పేర్లున్నాయో చూడాలి, ఎవరో ఎవరికో బహుమతిగా ఇస్తూ రాసిన తేదీ చూడాలి. ఆ తేదీ తర్వాత అచ్చయిన పుస్తకం కాదని అదే సాక్ష్యం.

భద్రపరచడం గురించి రెండు మాటలు చాలు. ఎండా తేమా తగలనివ్వకండి, చిరిగిన పుటకు జిగురు టేపు అంటించకండి. పందొమ్మిదో శతాబ్దం చివరినాటి చెక్కగుజ్జు కాగితం తనలోని ఆమ్లంతో తానే పెళుసుబారుతుంది. అలాంటి పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరిచి తెరవకూడదు.

పెన్సిలు గీతలున్న ప్రతులను చాలామంది పక్కన పెడతారు. నేను పెట్టను. నలుపు తెలుపు బొమ్మలో కోటుకు మాత్రమే ఒక బిడ్డ నీలం రంగు వేసి ఆగిపోయిన పుట నా దగ్గర ఉంది. ఆ బొమ్మ దగ్గర ఆ బిడ్డ ఎంతసేపు కూర్చున్నదో ఆ రంగే చెబుతోంది.

వేదిక పక్కన బల్లమీద రెండు పుస్తకాలు ఉంచాను. ఒకటి అద్దం బొమ్మలు ఒకే ఆకుకు అటూ ఇటూ ఉన్న పాత ప్రతి, మరొకటి ఆ బొమ్మలు ఎదురెదురు పుటల్లో ఉన్న తర్వాతి ప్రతి. చేతులు శుభ్రంగా ఉంటే చాలు, తొడుగులు అక్కరలేదు. దయచేసి వచ్చి పాత ప్రతిలో ఆ ఒక్క ఆకును నెమ్మదిగా తిప్పి చూడండి.