సిస్టమ్ పైథాన్ జోలికి వెళ్లకుండా: లినక్స్‌లో విడి ఎన్విరాన్‌మెంట్లు

వ్యాఖ్యాత: నమస్కారం. 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ మొదలుకొని, పైథాన్ లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్‌తో నేరుగా ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అనే ఎర్రర్ వచ్చి పని ఆగిపోతోంది. అది లోపమా అండి?

అతిథి: లోపం కాదండి, కాపలా. డిస్ట్రిబ్యూషన్‌లోని ఎన్నో పనిముట్లు సిస్టమ్ పైథాన్, అంటే సిస్టమ్‌తో పాటు వచ్చిన పైథాన్ మీదే నడుస్తాయి. వాటికి కావలసిన లైబ్రరీల లెక్క డెబియన్ సొంత ప్యాకేజీ మేనేజర్ ఏపీటీ చూసుకుంటుంది. ఈ కాపలా లేని రోజుల్లో నేను సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, పిప్‌ను నడిపి ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ వేసుకున్నాను. నా ప్రాజెక్టు చక్కగా నడిచింది గానీ, మర్నాడు సిస్టమ్ అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్ తెరుచుకోనే లేదు. అది పాత వెర్షన్ కోసం వెతికితే నేను వేసిన కొత్తది ముందుగా దొరుకుతోంది.

వ్యాఖ్యాత: అందుకే ఒక్కో ప్రాజెక్టుకు విడి లైబ్రరీలు ఇచ్చే వెన్వ్ వాడమంటారు. దాని లోపల నిజంగా ఏముంటుంది?

అతిథి: విశేషంగా ఏమీ ఉండదు. అది ఒక మామూలు డైరెక్టరీ. బిన్ అనే ఉపడైరెక్టరీలో అసలు పైథాన్‌కు దారి చూపే ఒక సింబాలిక్ లింక్, లైబ్రరీల కోసం సైట్-ప్యాకేజెస్ అనే డైరెక్టరీ, పైవెన్వ్ డాట్ సీఎఫ్‌జీ అనే నాలుగైదు పంక్తుల ఫైలు ఉంటాయి. పైథాన్ మొదలవుతూనే ఆ ఫైలును చూసి, లైబ్రరీలను ఈ డైరెక్టరీలో వెతకడం మొదలుపెడుతుంది. యాక్టివేట్ చేయడం అంటే ముఖ్యంగా, కమాండ్ల కోసం వెతకవలసిన చోట్ల జాబితా అయిన పాత్ వేరియబుల్ మొదట్లో ఆ బిన్‌ను చేర్చడమే. కాబట్టి పనులను వాటంతట అవే నడిపే క్రాన్‌లోనో సిస్టమ్‌డీలోనో నడిపేటప్పుడు ఆ బిన్‌లోని పైథాన్‌ను పూర్తి పాత్‌తో పిలిస్తే సరిపోతుంది. 2012 నాటి పైథాన్ 3.3 నుంచి వెన్వ్ ప్రామాణిక లైబ్రరీలో భాగమే, కాకపోతే డెబియన్, ఉబుంటులలో పైథాన్3-వెన్వ్ ప్యాకేజీని విడిగా వేసుకోవాలి.

వ్యాఖ్యాత: ఆ డైరెక్టరీ పేరు మార్చాక నా పిప్ పనిచేయలేదు!

అతిథి: పిప్ అన్నది ఒక చిన్న స్క్రిప్టు; దాని మొదటి పంక్తిలో పైథాన్ పాత పూర్తి చిరునామా రాసి ఉంటుంది. దాన్ని దిద్దుతూ కూర్చోకండి. డైరెక్టరీని తీసేసి, కావలసిన లైబ్రరీల జాబితా ఉన్న రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో మళ్లీ కట్టుకోండి. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో చేర్చవలసింది ఆ ఫైలునే గానీ డైరెక్టరీని కాదు.

వ్యాఖ్యాత: మరి ప్రోగ్రామ్‌ను దాని సొంత ఫైళ్లతో విడిగా నడిపే కంటైనర్ల అవసరం ఎప్పుడు వస్తుంది?

అతిథి: వెన్వ్ వేరుచేసేది పైథాన్ లైబ్రరీలను మాత్రమే. ఒక ప్రాజెక్టుకు ఎన్‌క్రిప్షన్ చేసే సిస్టమ్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాత వెర్షన్, ఇంకోదానికి కొత్త వెర్షన్ కావాలంటే అది చేతులెత్తేస్తుంది. అప్పుడు కంటైనర్లను నడిపే పాడ్‌మన్ వంటిది కావాలి. లినక్స్ గుండె అయిన కెర్నల్ ఒక్కటే అయినా, వేరుచేయడానికి అందులో ఉన్న నేమ్‌స్పేస్‌ల వల్ల ఒక్కో కంటైనర్‌కు తనదైన ఫైల్ సిస్టమ్, తనదైన ప్రాసెస్ జాబితా కనబడతాయి.

వ్యాఖ్యాత: నమ్మకం లేని ప్యాకేజీని పరీక్షించడానికి వెన్వ్ చాలదా?

అతిథి: చాలదండి. వెన్వ్‌లో నడిచే కోడ్‌కు మీ యూజర్ అనుమతులన్నీ ఉంటాయి కనుక, మీ హోమ్ డైరెక్టరీలోని ఎస్‌ఎస్‌హెచ్ కీలను (వేరే సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే రహస్య ఫైళ్లను) అది నిరభ్యంతరంగా చదవగలదు. కంటైనర్‌లో అయితే ప్రాజెక్టు డైరెక్టరీని మాత్రమే మౌంట్ చేయండి. డిస్ట్రోబాక్స్ అనే కంటైనర్ పనిముట్టు సౌకర్యంగానే ఉంటుంది గానీ, మామూలుగా మీ హోమ్‌ను మొత్తంగా లోపలికి తెచ్చిపెడుతుంది. ఈ పనికి దాన్ని వాడకండి.