సార్టెక్స్ బియ్యం, మిరప తొడిమ

శ్రోతలకు నమస్కారం.

విజయవాడలో ఏ బియ్యం కొట్టుకు వెళ్ళినా బస్తా మీద 'సార్టెక్స్' అనే మాట కనబడుతుంది. చాలామంది అది ఒక బియ్యం రకం అనుకుంటారు. నిజానికది కంపెనీ పేరు. 1947లో లండన్‌లో మొదలైంది. గింజల రంగు చూసి మంచీ చెడూ వేరుచేసే యంత్రాలు తయారుచేసేది. 1993లో స్విట్జర్లాండ్‌కు చెందిన బ్యూలర్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఫోటోకాపీని మనం జిరాక్స్ అన్నట్టే, ఆ కంపెనీ పేరు మన బియ్యానికి అంటుకుపోయింది.

మా అమ్మమ్మ రోజూ పొద్దున్నే చేటలో బియ్యం పోసుకొని వసారాలో కూర్చునేది. రాయి, మట్టిబెడ్డ, నల్ల గింజ కంటబడగానే వేలితో పక్కకు నెట్టేది. మిల్లులో సార్టెక్స్ యంత్రం చేసేదీ అదే పని. పైనుంచి గింజలు ఏటవాలు కాలువల్లో జారి కిందికి పడుతుంటాయి. పడేటప్పుడు రెండు పక్కలా ఉన్న కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. రంగు మారిన గింజ కనబడితే చాలు, సరిగ్గా అది ఎదురుగా వచ్చే క్షణానికి సన్నటి గొట్టంలోంచి గాలి టప్పున కొడుతుంది. ఆ ఒక్క గింజ పక్కకు పోతుంది, మిగతావి కిందికి పోతాయి. అమ్మమ్మ వేలు చేసిన పని అక్కడ గాలి చేస్తోంది.

చూడటం, తేల్చుకోవడం, తీసెయ్యడం. ఈ మూడూ ఉన్నాయంటే రోబో పని సగం ఉన్నట్టే. అందుకే ఈరోజు రోబోల గురించి చెప్పాలనుకొని బియ్యం దగ్గర మొదలుపెట్టాను. నేను గుంటూరులో ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతాను. రోబో అంటే ఎక్కడో జపాన్‌లోనో అమెరికాలోనో ఉండే వస్తువని మా పిల్లలు కూడా అనుకుంటారు. ఆ అమెరికాలో కూడా మనవాడి చెయ్యి ఉందని చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. దానికి మొట్టమొదటి డైరెక్టర్ రాజ్ రెడ్డి గారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన తెలుగువాడు. కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు ఆయనకు 1994లో వచ్చింది. మన పక్కనే నూజివీడులో ట్రిపుల్ ఐటీ ఉంది కదా, పల్లెటూరి పిల్లల కోసం 2008లో పెట్టిన యూనివర్సిటీలో అదొక క్యాంపస్. ఆ యూనివర్సిటీకి ఆయన ఛాన్సలర్‌గా పనిచేశారు.

ఇక మన దేశంలో చూస్తే, బెంగళూరులో కృత్రిమ మేధ, రోబోల మీద పనిచేసే రక్షణ శాఖ వాళ్ళ కెయిర్ అనే పరిశోధన సంస్థ 1986 నుంచీ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రోబోటిక్స్‌కే ఒక పరిశోధన కేంద్రం ఉంది. గోదాముల్లో సరుకు మోసే రోబోలను నోయిడాలోని యాడ్‌వర్బ్ కంపెనీ చేస్తోంది. ఇవన్నీ గొప్పవే. నా మనసు మాత్రం తిరువనంతపురంలోని జెన్‌రోబోటిక్స్ దగ్గరే ఆగుతుంది.

2015లో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు, వాళ్ళను కాపాడబోయిన ఒక ఆటో డ్రైవరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి కొందరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళను కదిలించింది. వాళ్ళు చేసిన రోబో పేరు బ్యాండికూట్, అంటే పందికొక్కు. 2018లో తిరువనంతపురంలో పని మొదలుపెట్టింది. యంత్రం మ్యాన్‌హోల్ పైన నిలబడుతుంది, దాని చెయ్యి మాత్రం లోపలికి దిగి బురద ఎత్తుతుంది. లోపల ఏముందో కెమెరా చూపిస్తుంది, విషవాయువుల సంగతి సెన్సార్లు చెబుతాయి. ఒకప్పుడు లోపలికి దిగిన మనుషులకే ఆ యంత్రం నడపడం నేర్పారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చివరి సంగతే. యంత్రం వస్తే మన కూలి పోతుందేమోనన్న భయం ఒట్టి భయం కాదు. దానికి జవాబు యంత్రం గీసేటప్పుడే ఆలోచించాలి.

ఇప్పుడు మన గుంటూరుకు వద్దాం. మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, కాయల కుప్పల మధ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటారు. దగ్గు, తుమ్ములు, కళ్ళమంట. ఇంటికెళ్ళి ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట పోదు. అదే చేత్తో పిల్లలకు అన్నం కలిపి పెట్టాలి.

మరి బియ్యానికి కుదిరింది మిరపకాయకు ఎందుకంత కష్టం? కంటి పని కాదు కష్టం. తాలు కాయను రంగును బట్టి కెమెరా బాగానే పట్టగలదు. చిక్కంతా చేతి దగ్గరే. బియ్యపు గింజలు దాదాపు ఒక్కలా ఉంటాయి. మిరపకాయ ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా, ఒకటి ముడుచుకొని ఉంటుంది. ఎండిన కాయను కాస్త గట్టిగా పట్టుకుంటే పగిలి గింజలు రాలతాయి, ధర పడిపోతుంది. మెల్లగా పట్టుకుంటే తొడిమ ఊడదు. మనిషి వేలికి ఆ బలం కొలత తెలుసు. యంత్రానికి అది నేర్పడం ఇప్పటికీ కష్టమే.

ఇంకో దారి కూడా ఉంది. యంత్రాన్ని కాయకు తగ్గట్టు మార్చడమే కాకుండా, కాయనే యంత్రానికి తగ్గట్టు పెంచడం. అమెరికాలో న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు యంత్రంతో కోయడానికి అనువైన మిరప మొక్కల మీద పనిచేస్తున్నారు. మనకు గుంటూరు పక్కనే లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. రైతులు నోరారా 'మూడు ముప్పై నాలుగు' అని పిలుచుకునే మిరప అక్కడిదే. విత్తనం తెలిసినవాళ్ళూ, యంత్రం తెలిసినవాళ్ళూ ఒకే ఊళ్ళో ఉన్నాం. కలిసి ఒక బల్ల దగ్గర కూర్చోవడమే ఆలస్యం.

నా మాట వింటున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక విన్నపం. ఈసారి ప్రాజెక్టుకు రెడీమేడ్ కిట్ కొనకండి. నలుగురు కలిసి అర టిక్కీ, అంటే అర బస్తా మిరపకాయలు కొనండి. ఆ ఆడవాళ్ళ పక్కన ఒక పూట కూర్చొని మీరూ తొడిమలు తీయండి. కాయను ఎక్కడ పట్టుకోవాలి, తొడిమను ఎటు తిప్పాలి, ఏ కాయ మొండికేస్తుంది, ఏ ఎండకు తేలిగ్గా ఊడుతుంది, అన్నీ వాళ్ళనే అడగండి. 'అక్కా, ఈ పనికి యంత్రం వస్తే దాన్ని నువ్వే నడపాలంటే ఎలా ఉండాలి?' అని కూడా అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాసుకొని, అప్పుడు ల్యాబ్‌కు రండి.

సెలవు. నమస్కారం.