వాగులో రాయి తిరగేసి చూడండి

నమస్కారమండీ. వాగులో నీళ్లు తేటగా ఉండి అడుగున ఇసుక కూడా కనిపిస్తుంటే ఆహా ఎంత మంచి నీళ్లో అనుకుంటాం కదా, కానీ యాసిడ్ ఎక్కిన వాగు కూడా అచ్చం అలాగే ఉంటుంది, చూపుకి తేడా తెలీదు. తెలియాలంటే అడుగునుంచి ఒక రాయి తీసి తిరగేయాలి.

మంచి వాగైతే ఆ రాయికి మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు, నత్తలు కరుచుకుని ఉంటాయి, పక్కన రాలిన ఆకుల్లో చిన్న రొయ్యల్లాంటి గామరస్‌లు దొరుకుతాయి. నీళ్లలో యాసిడ్ ఎంతుందో చెప్పే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువన్నట్టు. ఆ పీహెచ్ 6 కంటే కిందకి దిగేకొద్దీ ముందుగా మాయమయ్యేవి ఇవే, స్టోన్‌ఫ్లై అనే ఇంకో రకం పురుగుల్లో కొన్ని రకాలు మాత్రం ఓర్చుకుంటాయి. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గిందంటే యాసిడ్ 10 రెట్లు పెరిగినట్టేనండీ, చిన్న విషయం కాదు. బొగ్గు పొగలోని గంధకం, బళ్ల పొగ వానలో కలిసి యాసిడ్‌గా దిగుతాయి, నేలలో సున్నపురాయి ఉంటే ఆ యాసిడ్‌ని విరిచేస్తుంది, గ్రానైట్ నేలైతే ఆ పని చెయ్యలేదు, పైగా మట్టిలోని అల్యూమినియం కూడా కరిగి వాగులోకి వచ్చేస్తుంది. అప్పుడు ఆ పురుగుల ఒంట్లో సోడియం కారిపోతుంది, నీళ్లలోంచి మళ్లీ లాక్కోలేవు, అదే వాటి ప్రాణం తీసేది. నత్తకైతే గుల్ల కట్టుకోడానికి కాల్షియమే చాలదు.

1977లో అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో నోరిస్ బ్రూక్ అనే చిన్న వాగులో శాస్త్రవేత్తలు కావాలనే యాసిడ్ కలిపి పీహెచ్‌ని 4 దాకా దించారు, పురుగులు రాళ్లు వదిలేసి ప్రవాహంలో కొట్టుకుపోవడం మొదలైంది. ప్రయోగమే అయినా ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

రాలిన ఆకులు నమిలే ఈ పురుగులు పోతే ఆకులు కుళ్లకుండా అలాగే పేరుకుపోతాయి. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇలాంటి వాగుల పక్కన డిప్పర్ పిట్టలూ తగ్గిపోయాయి, వాటి తిండి ఈ పురుగులే మరి.

ఇంకో చిక్కేంటంటే యాసిడ్ ఏడాది పొడుగునా ఉండక్కర్లేదు. పెద్ద వాన పడ్డప్పుడో మంచు కరిగినప్పుడో కొన్ని గంటలు పీహెచ్ ధబాలున పడిపోయి మళ్లీ సర్దుకుంటుంది, మర్నాడు మీటర్ పెడితే అంతా బాగానే ఉందంటుంది, రాయి కింద మాత్రం ఖాళీ. వేల్స్‌లోనే 1980ల చివర్లో కొన్ని వాగుల ఎగువన సున్నం చల్లారు, నీళ్లు బాగుపడ్డాయి, కానీ పోయిన పురుగుల్లో ఏవో కొన్నే, అదీ అడపాదడపా తిరిగొచ్చాయి.