భగత్ సింగ్‌కు ఇంగ్లిష్‌లో 68 మార్కులే!

[తెర మీద: పాత ఉత్తరం, తేదీ 22 జూలై 1918]

లాహోర్‌లో చదువుకుంటున్న ఓ పదేళ్ల పిల్లాడు ఊళ్లో ఉన్న తాతకు ఉత్తరం రాశాడు. సంస్కృతంలో 150కి 110 వచ్చాయట. ఇంగ్లిష్‌లో మాత్రం 68. 50 వస్తే పాసే, నాకు 68 వచ్చాయి, మీరేం దిగులు పడకండి అని వెంటనే సర్దిచెప్పాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కోసం మనమంతా వాడిన ట్రిక్కే!

ఆ పిల్లాడు భగత్ సింగ్. తాత పేరు అర్జన్ సింగ్. నన్నడిగితే కథ ఈయన దగ్గరే మొదలవ్వాలి. సిక్కు అయ్యుండీ, వేదాలే ప్రమాణమనే హిందూ సంస్కరణ సంస్థ ఆర్యసమాజంలో చేరిన మనిషి. మనవడికి సంస్కృతం మార్కులు ఎక్కడివో అర్థమైందిగా? సిక్కుల ఖాల్సా స్కూలు వాళ్లు బ్రిటిష్ సర్కారుకు విధేయులని, పిల్లాణ్ణి ఆర్యసమాజం వాళ్ల డీఏవీ స్కూల్లో వేయించాడు.

[మ్యాప్: లాయల్‌పూర్ జిల్లా, బంగా గ్రామం. నేటి పాకిస్తాన్]

1907లో భగత్ పుట్టేనాటికే ఆ ఇంటి మీద పోలీసుల కన్నుంది. కాలువ కింది భూముల చట్టానికి వ్యతిరేకంగా రైతులను కూడగట్టినందుకు బాబాయి అజిత్ సింగ్‌ను ఆ ఏడాదే బ్రిటిష్ వాళ్లు బర్మాలోని మాండలే జైలుకు పంపేశారు. ఆయన 1909లో దేశం దాటి, మళ్లీ 1947లోనే వచ్చాడు. అన్నేళ్లూ పిన్ని హర్నామ్ కౌర్ ఎదురుచూస్తూనే ఉంది. ఇంకో బాబాయి స్వరణ్ సింగ్ జైలుకెళ్లొచ్చి, 23 ఏళ్లకే క్షయతో పోయాడు. పిల్లాడు ఇవన్నీ ఇంట్లో వింటూ పెరిగాడు.

సహాయ నిరాకరణ రోజుల్లో స్కూలు మానేశాడు. అలాంటి కుర్రాళ్ల కోసమే లాలా లజపతిరాయ్ పెట్టిన నేషనల్ కాలేజీలో చేరాడు. తర్వాత అతనితోపాటే ఉరికంబమెక్కిన సుఖ్‌దేవ్ పరిచయమైంది అక్కడే. జయచంద్ర విద్యాలంకార్ చరిత్ర చెప్పేవారు. ద్వారకాదాస్ లైబ్రరీలో పుస్తకాలు నమిలేసేవాడు. నాటకాలూ వేశాడు.

అంతలో నాయనమ్మ పెళ్లి చేసుకోమంది.

[తెర మీద: రైలు, కాన్పూర్]

నాన్న కిషన్ సింగ్‌కు చీటీ రాసిపెట్టి ఇల్లు వదిలేశాడు. నా ఉపనయనం నాడే తాతగారు నన్ను దేశానికి ఇచ్చేశారు కదా, ఆ మాటే నిలబెడుతున్నా అని అందులో సారాంశం. తాత మాటను తాత ఇంటి మీదికే తిప్పికొట్టాడన్నమాట!

కాన్పూర్‌లో గణేశ్ శంకర్ విద్యార్థి నడిపే ‘ప్రతాప్’ పత్రికలో పనికి కుదిరాడు. నాయనమ్మకు జబ్బు చేసిందని కబురొచ్చినా, ఇక పెళ్లి ఊసెత్తమని ఇంట్లోవాళ్లు మాటిచ్చాకే తిరిగొచ్చాడు.