గోల్కొండకి సముద్రం ఉండేది

అందరికీ నమస్కారం అండీ. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, కొంతమంది పిల్లల్ని కూడా తీసుకొచ్చారు, చాలా సంతోషంగా ఉంది. ఇవాళ టాపిక్ మచిలీపట్నంలో చూడాల్సిన పాత కట్టడాలు అని చెప్పారు కానీ నేను మొదలుపెట్టేది మాత్రం మన హయత్‌నగర్ నుంచి, ఎందుకంటే గోల్కొండ రోజుల్లో బందరు, అంటే మచిలీపట్నమే, అక్కడికి వెళ్లే దారి కూడా అటు నుంచే పోయేది.

విజయవాడ బస్సెక్కి ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లుంటాం మనం, ఒక్కసారైనా దిగి లోపలికి వెళ్లినవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. చూశారా, నలుగురైదుగురే. అక్కడ హయత్ బక్షీ బేగం కట్టించిన మసీదు ఉంది, చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు వరసగా ఉంటాయి, పక్కనే హాథీ బావోలి అని పెద్ద బావి. ఈవిడ ఎవరంటే హైదరాబాద్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ఊరికి అంత దూరంలో అన్ని గదులు, అంత పెద్ద బావి ఎందుకు కట్టారు అని ఒక్కసారి ఆలోచించండి. ఆ దారిలో మనుషులు, ఎడ్లబళ్లు, సరుకు అంతగా నడిచేవి కాబట్టి. ఆ సరుకంతా వెళ్లేది బందరు రేవుకే. ఇప్పటికీ మన నేషనల్ హైవే 65 పుణె దగ్గర మొదలై హైదరాబాద్ మీదుగా వెళ్లి మచిలీపట్నంలోనే ఆగుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదేనండీ. గోల్కొండ చరిత్ర అంటే మనకి కోట, చార్మినార్, సెవెన్ టూంబ్స్, అక్కడితో అయిపోతుంది. ఆ కోటలోకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఇరాన్ నుంచి కవులు, హకీములు, వ్యాపారులు ఏ దారిన దిగారు అని అడిగితే చాలామటుకు జవాబు సముద్రం ఒడ్డున ఉంది, ఆ ఒడ్డుకి మనం వెళ్లట్లేదు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి కదా అది వాళ్ల ఊరు అనుకుంటే మాత్రం గోల్కొండ కథలో సగం వదిలేసుకున్నట్టే.

గోల్కొండ రాజ్యంలో కొల్లూరులో వజ్రాలు దొరికేవి, కృష్ణ ఒడ్డున, ఆ చోటు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్ట్ నీళ్ల కింద ఉంది. వజ్రాల గురించి అందరూ మాట్లాడతారు గానీ ఏడాది పొడుగునా వేలమందికి తిండి పెట్టింది మాత్రం బట్టలండీ, తెల్ల బట్ట, అద్దకం బట్ట. బందరులో ఓడకెక్కి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కి, ఎర్ర సముద్రంలో మోఖాకి, ఇటు బర్మాలో పెగూకి, సుమత్రాలో ఆచేకి, జావాకి వెళ్లేవి. తిరిగొచ్చేటప్పుడు మిరియాలు, లవంగాలు, గంధం, రాగి, తగరం, బంగారం, చైనా పింగాణీ, బర్మా వైపు నుంచి ఏనుగులు కూడా. ఏనుగుల్ని ఓడల్లో తెచ్చేవాళ్లంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం. అది కూడా ఎలాంటి రేవు అనుకున్నారు, తీరం దగ్గర లోతు లేదు, పెద్ద ఓడలు దూరంగా లంగరేసి ఉంటే చిన్న పడవల్లో సరుకు దించాల్సిందే.

మీర్ జుమ్లా పేరు వినే ఉంటారు. ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి, 1630ల్లో మచిలీపట్నానికి అధికారిగా పనిచేశాడు, సొంత ఓడలు నడిపాడు, తర్వాత గోల్కొండలో అందరికన్నా పెద్ద వజీరు అయ్యాడు, చివరికి ఔరంగజేబు వైపు వెళ్లి బెంగాల్ సుబేదారు అయ్యాడు. అంత పైకెళ్లిన మనిషి తొలిమెట్లలో ఒకటి మన బందరు. 1639లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా స్వయంగా తల్లితో, పరివారంతో ఈ దారిన బందరు వెళ్లాడు. దక్కన్ రాళ్ల మధ్య పుట్టి పెరిగిన సుల్తాను తన రాజ్యానికి అంత సంపద తెచ్చే సముద్రాన్ని కళ్లారా చూడ్డానికి వెళ్లాడన్నమాట. నాకైతే మొత్తం కుతుబ్ షాహీ చరిత్రలో చాలా ఇష్టమైన ప్రయాణం అది.

ఇంక యూరప్ వాళ్ల సంగతి. 1605లో డచ్చివాళ్లు దిగారు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు. ముగ్గురూ వచ్చింది కోటలు కట్టడానికి కాదు మొదట్లో, గోల్కొండ సుల్తాను పర్మిషన్ అడుక్కుని బట్టలు కొనుక్కోడానికి. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువాళ్లకి ఫర్మానా ఇచ్చాడు, ఏడాదికి ఇంత అని సుంకం కడితే చాలు రాజ్యంలో రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చని, దాన్ని వాళ్లు గోల్డెన్ ఫర్మాన్ అని గొప్పగా చెప్పుకున్నారు. ఇంకోటి వినండి, చెన్నైలో ఫోర్ట్ సెయింట్ జార్జ్ ఉంది కదా, అది మొదలుపెట్టినప్పుడు కోరమండల్ అంటే ఈ తూర్పు తీరంలో ఇంగ్లీషువాళ్ల వ్యాపారానికంతా పెద్ద ఆఫీసు మచిలీపట్నమే, అక్కడి ఏజెంటు ఆండ్రూ కోగన్, ఫ్రాన్సిస్ డే కలిసే 1639, 40 ప్రాంతంలో మద్రాసులో స్థలం సంపాదించి కట్టడం మొదలుపెట్టారు. అంటే మద్రాసు బందరు తర్వాత పుట్టింది. ఈ ముక్క మన పిల్లలకి చెప్పాలండీ.

సరే, ఇప్పుడు బందరు వెళ్తే ఏం కనిపిస్తుంది?

ముందు బందరుకోట. ఊరికి కొంచెం దూరంగా, గిలకలదిండి వైపు. గోల్కొండ కోటలాంటిది ఊహించుకుని వెళ్లొద్దు, ఎక్కువ భాగం పడిపోయింది, మందపాటి ఇటుక గోడలు, పాత ఆయుధాగారం, చుట్టూ తుమ్మ చెట్లు, ఉప్పు నేల. కానీ అక్కడ నిలబడి 1759 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. అప్పటికి కోట ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, కాన్‌ఫ్లాన్స్ వాళ్ల సేనాని, బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ముట్టడించాడు. ఫోర్డ్ దగ్గర డబ్బుల్లేవు, మందుగుండు అయిపోవస్తోంది, ఇంకోపక్క నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లకి సాయంగా సైన్యంతో దగ్గరికొచ్చేశాడు. రాత్రిపూట చిత్తడి నేలలోంచి దాడి చేసి తెల్లారేసరికి కోట పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి, మే 14న, అదే సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని మచిలీపట్నం, దాని చుట్టుపక్కల జిల్లాలు రాసిచ్చేశాడు. హైదరాబాద్ రాజ్యం చేతిలోంచి తీరం జారిపోవడం అక్కడ మొదలైంది. మన దగ్గర నిజాముల గురించి ఎంత మాట్లాడుకుంటాం, నగల గురించి, ప్యాలెస్‌ల గురించి, ఈ సంతకం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, నాకు అది బాధగా ఉంటుంది.

డచ్చివాళ్ల సమాధులు కూడా చూడండి. పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, వాటి మీద వాళ్ల వంశాల చిహ్నాలు, అక్షరాలు ఎంత నీట్‌గా చెక్కారంటే మూడొందల ఏళ్ల తర్వాత కూడా వేలు పెట్టి చదవొచ్చు. పేట పేర్లు కూడా గమనించండి, ఇంగ్లీష్‌పాలెం, వలందపాలెం అంటే డచ్చివాళ్ల పాలెం, ఫ్రెంచ్‌పేట, ఒకే ఊళ్లో మూడు దేశాలు. ఫ్రెంచ్‌పేట సంగతైతే మరీ విచిత్రం, ఇండియాకి స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ చిన్న ముక్క ఫ్రెంచివాళ్లదే, 1947 అక్టోబర్‌లో వదులుకున్నారు. సెయింట్ మేరీస్ చర్చి దగ్గర అరబెల్లా అనే అమ్మాయి సమాధి ఉంది, ఆమెని ప్రేమించిన సైనికాధికారి జాన్ పేటర్ గురించి ఊళ్లో కథలు కథలుగా చెప్తారు, నేను చెప్తే రుచి ఉండదు, అక్కడివాళ్ల నోట వినండి.

బందరు పాతది ఎందుకు అంత తక్కువ మిగిలింది అంటే ఒక ముఖ్యమైన కారణం 1864 నవంబర్ 1 రాత్రి. తుఫాను, దాంతోపాటు ఉప్పెన. సముద్రం ఊరి మీదకి వచ్చేసింది, సుమారు 30 వేల మంది పోయారు. ఒక్క రాత్రిలో. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు సైన్యాన్ని అక్కణ్ణుంచి తీసేశారు, రేవు మేట వేసుకుపోతూ ఉంది, మద్రాసు, ఆ తర్వాత 1933లో తెరిచిన విశాఖ రేవు ముందుకెళ్లిపోయాయి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన మనలో పెద్దవాళ్లకి గుర్తే, అదీ ఆ పక్కనే. మా ఇళ్లల్లో ఇప్పటికీ నవంబర్‌లో గాలి గట్టిగా వీస్తే పెద్దవాళ్లు నిద్రపోరు. అందుకే ఆ ఊళ్లో ఒక పాత గోడ కనిపిస్తే నాకు కట్టినవాళ్ల కంటే దాన్ని దాటుకుని బతికినవాళ్లే ముందు గుర్తొస్తారు.

ఇంక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు, పెడన. బందరు నుంచి పది కిలోమీటర్లు ఉంటుందేమో. కోటలు పడిపోయాయి, ఓడలు పోయాయి, కానీ ఆ ఓడల్లోకెక్కిన కలంకారీ బట్ట మాత్రం పెడనలో ఇప్పటికీ తయారవుతోంది. పని నడిచే షెడ్డులోకి వెళ్లి కాసేపు కూర్చోండి, కొనడం తర్వాత. బట్టని ముందు శుభ్రంగా ఉతికి కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు, పసుపు రంగుకి తిరుగుతుంది. తర్వాత టేకు చెక్క అచ్చులతో అద్దకం. నలుపు కోసం తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమి, కరక్కాయ పట్టిన బట్ట మీద అది తగిలితే నల్లగా తేలుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు, అప్పుడే ఎరుపు కనపడదు. కాలవ నీళ్లలో ఉతికి, పెద్ద రాగి పాత్రలో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న చోట మాత్రమే రంగు పట్టుకుని ఎరుపు లేస్తుంది. పాతరోజుల్లో ఆ ఎరుపుకి చిరువేరు వాడేవాళ్లు, ఈ తీరపు ఇసక నేలల్లో తవ్వి తీసేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ అనే తయారుచేసిన రంగు వాడుతున్నారు. ఉడికిన బట్ట పైకి తీసేటప్పుడు చూడాలండీ, నేను ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే చూస్తాను.

ఈ బట్టే ఒకప్పుడు యూరప్‌లో ఎంత గిరాకీ తెచ్చుకుందంటే అక్కడి నేతవాళ్లు తమ పొట్ట కొడుతోందని గొడవలు చేస్తే, 1686లో ఫ్రాన్స్, 1700లో ఇంగ్లాండ్ మన రంగు బట్టల్ని ఆపుతూ చట్టాలు చేశాయి. గోల్కొండ రోజుల రుమాళ్లు, చిన్న చిన్న బొమ్మలతో నిండిపోయినవి, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. అంత పేరున్న పని చేసే కుటుంబాలు ఇప్పుడు మెషీన్ మీద ప్రింట్ చేసి కలంకారీ అని అమ్మే బట్టతో పోటీ పడాలి. మన ఎగ్జిబిషన్లలో, ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకి మీటర్ల కొద్దీ కొనేది చాలాసార్లు ఆ ప్రింటే. అసలుది ఎలా పట్టుకోవాలంటే వెనకవైపు తిప్పి చూడండి, రంగు లోపలిదాకా దిగుంటుంది, అచ్చుకీ అచ్చుకీ మధ్య అక్కడక్కడా కొంచెం ఎడం తేడా వస్తుంది. ఆ తేడా తప్పు కాదు, చెయ్యి పనికి అదే గుర్తు.

టైమ్ అయిపోతోంది కాబట్టి మిగతావి గబగబా చెప్తాను. ఆంధ్ర జాతీయ కళాశాల, 1910లో కోపల్లె హనుమంతరావు గారు పెట్టారు, ఇంగ్లీషు చదువుకి బదులు మన చేతిపనులు, మన చదువు అని. పట్టాభి సీతారామయ్య గారు, కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు గారు వెనక నిలబడ్డారు, జెండా పింగళి వెంకయ్య గారు కూడా అక్కడ పనిచేశారు. 1923లో పట్టాభి గారు బందరులోనే ఆంధ్రా బ్యాంక్ మొదలుపెట్టారు. మన కోఠీలో బస్టాప్‌ని ఇప్పటికీ ఆంధ్రా బ్యాంక్ అనే అంటాం కదా, బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా కండక్టర్ నోట్లో ఆ పేరు పోలేదు. దగ్గర్లో ఘంటసాల ఉంది, బౌద్ధ స్తూపం, చిన్న మ్యూజియం, రోమ్‌తో వ్యాపారం నడిచిన కాలం నాటి ఊరు. కూచిపూడి కూడా దగ్గర్లోనే, ఆ అగ్రహారాన్ని తానీషా ఇచ్చాడని అంటారు, చూశారా మళ్లీ గోల్కొండే వచ్చింది.

2023 నుంచి అక్కడ కొత్త పోర్టు కడుతున్నారు. రావాలి, ఊరికి పని కావాలి, పిల్లలు హైదరాబాద్ బస్సెక్కకుండా అక్కడే ఉద్యోగాలు చేసుకోవాలి, నేనూ కోరుకునేది అదే. కానీ పోర్టుతో పాటు రోడ్లు, గోడౌన్లు, రియల్ ఎస్టేట్ వస్తాయి, అప్పుడు ఊళ్లో పాత గోడలు, పాత ఇళ్లు ఎవరికీ అడ్డం అనిపించకూడదు అంటే చూసేవాళ్లు ఉన్నారని ముందే తెలియాలి. మనం వెళ్లాలి, ఫొటోలు తియ్యాలి, తేదీ, చోటు రాసి దాచుకోవాలి, సమాధుల మీద అక్షరాలు చదివి రాసుకోవాలి. రాళ్ల మీద సుద్ద, నూనె రాయకండి, పక్క నుంచి టార్చ్ వేస్తే అక్షరం దానంతటదే తేలుతుంది.

వెళ్లేవాళ్లు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. సికింద్రాబాద్ నుంచి రాత్రి ట్రైన్ ఉంది, పొద్దున్నే బందరులో దిగుతారు. కోట ముందు చూసేయండి, ఎండెక్కితే అక్కడ నీడ లేదు, నీళ్లు దొరకవు, బూట్లు వేసుకోండి ముళ్లు ఎక్కువ. మధ్యాహ్నం పెడన, కానీ ఆదివారం వద్దు, పనివాళ్లు ఉండే రోజు వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు బందరు లడ్డు ఎలాగూ తెచ్చుకుంటారు, నేను చెప్పక్కర్లేదు. కార్లో వెళ్లేవాళ్లు మాత్రం హయత్‌నగర్‌లో ఒక అరగంట ఆగి వెళ్లండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన బాబుకి మైక్ ఇవ్వండి.