కుక్క పక్కబట్టలు ఉతికేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో కుక్కను పెంచేవాళ్ళు దాని స్నానం గురించి బాగానే ఆలోచిస్తారు. ఏ షాంపూ మంచిది, ఎన్నాళ్ళకోసారి నీళ్ళు పొయ్యాలి అని అడుగుతుంటారు. అది పడుకునే పక్క గురించి అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. కుక్క రోజులో దాదాపు సగం పడుకునే ఉంటుంది. అంతసేపూ దాని ఒళ్ళు ఆ గోనెసంచికో, పాత బొంతకో, షాపులో కొన్న ఫోమ్ పరుపుకో ఆనుకుని ఉంటుంది. వెంట్రుకలు, చొంగ, మట్టి, ఒక్కోసారి మూత్రం, అన్నీ అందులోకే చేరతాయి. ఆ పక్కను ఇంట్లోనే ఎలా శుభ్రం చేసుకోవాలి, ముఖ్యంగా ఏం వాడకూడదు అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు గోమార్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే పక్క ఉతకడానికి అసలు కారణం అదే. గోమార్లు ఎప్పుడూ కుక్క ఒంటిమీదే ఉంటాయనుకుంటాం. మన కుక్కలకు ఎక్కువగా పట్టే గోధుమరంగు గోమారి తన జీవితంలో ఎక్కువ కాలం కుక్కకు బయటే గడుపుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి ఎక్కి రక్తం తాగి రాలిపోతుంది. పొర విడిచి మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ తాగి మళ్ళీ రాలుతుంది. పెరిగిన ఆడ గోమారి చివరిసారి కడుపునిండా తాగి దిగిపోయి గోడ బీటలోనో, తలుపు చట్రం సందులోనో, పరుపు కుట్ల మధ్యనో గుడ్లు పెడుతుంది. ఒక్కటే 4,000 దాకా పెట్టగలదు. వాటినుంచి వచ్చిన పిల్లలు తిండి దొరక్కపోయినా నెలల తరబడి అలాగే కాచుకుని ఉంటాయి. మీరు ఓపిగ్గా ఒంటిమీది గోమార్లన్నీ ఏరేసినా, వారం తిరిగేసరికి మళ్ళీ కనిపించేది అందుకే. ఎర్లీకియా, బబేసియా అనే జబ్బులు కుక్కకు వచ్చేది వీటివల్లనే. జ్వరం, తిండి మానేయడం, కొన్నిసార్లు ముక్కునుంచి రక్తం కారడం, ప్రాణం మీదికి రావడం, ఇవన్నీ ఆ చిన్న పురుగుతో మొదలవుతాయి.

ఫ్లీస్ అని ఎగిరి దూకే సన్నటి పురుగులు ఇంకో రకం. వాటి గుడ్లు నున్నగా ఉంటాయి కాబట్టి ఒంటిమీద నిలవవు, కుక్క పడుకున్నచోటే రాలతాయి. పరుపు మీద మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు కనిపిస్తే వాటిని తడి దూదితో అద్ది చూడండి. ఎర్రగా, గోధుమరంగుగా మారితే అవి ఫ్లీస్ విసర్జించిన రక్తం. అంటే ఆ పక్కలో అవి కాపురం పెట్టాయన్నమాట. కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ వాటిని మింగితే పొట్టలో బద్దెపురుగులు కూడా పెరుగుతాయి.

అందుకే నేను కుక్కకు మందు వేసిన రోజే పక్క కూడా ఉతకమంటాను. ఒకటి చేసి ఇంకొకటి వదిలేస్తే రెండూ వృథా.

ఉతకడానికి ముందు పొడిగా చెయ్యాల్సిన పని ఉంది. పక్కను ఇంట్లో దులపకండి. మెల్లగా చుట్టి పెరట్లోకో మేడమీదికో తీసుకెళ్ళి అక్కడ దులపండి. రబ్బరు గ్లవ్స్ కొద్దిగా తడిపి బట్టమీద ఒకే వైపుకి రుద్దితే వెంట్రుకలు ఉండలు కడతాయి, తీసెయ్యడం తేలిక. వెంట్రుకలతోనే నీళ్ళలో వేస్తే అవి నేతలోకి దూరి కూర్చుంటాయి, వాషింగ్ మెషిన్ ఫిల్టర్‌కి కూడా అడ్డం పడతాయి. కుట్లు, జిప్ వెంట, అంచుల మడతల్లో చూడండి. గోమారి కనిపిస్తే గోటితో నలపొద్దు, దాని లోపలి ద్రవంలో మనుషులకు జ్వరం తెచ్చే క్రిములు ఉండొచ్చు. చిమటాతో తీసి స్పిరిట్‌లో వేసి మూత పెట్టండి.

మూత్రం మరక ఉంటే మొదట చన్నీళ్ళతోనే కడగాలి. నెత్తురు, వాంతి మరకలకూ అంతే. ముందే వేడినీళ్ళు పోస్తే ఆ మరక బట్టకు పట్టేస్తుంది. తర్వాత వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి మరక మీద పోసి పావుగంట ఉంచి జాడించండి. ఆరాక వంటసోడా చల్లి కొన్ని గంటలు ఉంచి దులిపేస్తే వాసన చాలావరకు పోతుంది. కుక్క మూత్రం తుడిచేటప్పుడు చేతులకు గ్లవ్స్ ఉండాలి. ముఖ్యంగా వానాకాలంలో. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఉన్న కుక్క మూత్రం నుంచి అది మనకూ అంటుతుంది.

ఇక ఉతకడం. వేడి, సబ్బు, బాగా జాడించడం, ఎండ. ఈ నాలుగూ సరిగ్గా జరిగితే మామూలు రోజుల్లో ఇంకే మందూ అక్కర్లేదు. నీళ్ళు 60 డిగ్రీల వేడి ఉంటే ఫ్లీస్, వాటి గుడ్లు, గోమారి పిల్లలు చస్తాయి. మెషిన్‌లో ఆ వేడి పెట్టుకునే వీలుంటే సరే. లేకపోతే బక్కెట్లో ఒక వంతు మరిగే నీళ్ళు, ఒక వంతు కుళాయి నీళ్ళు పోస్తే ఇంచుమించు అంత వేడి వస్తుంది. బట్ట మునిగేలా నానేసి మూత పెట్టి, చల్లారేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మామూలు డిటర్జెంట్ చాలు, అదీ కొద్దిగానే. మంచి వాసన కోసం పోసే ఫాబ్రిక్ కండిషనర్ మానెయ్యండి. కుక్క ముక్కు మన ముక్కు లాంటిది కాదు, దాని చర్మం కూడా సున్నితమైనది. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. పొట్టమీద, తొడల లోపల ఎర్రగా దద్దుర్లు వచ్చిన కుక్కల్లో కొన్నింటికి కారణం బట్టలో మిగిలిన సబ్బే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే విషయం. ఫినాయిల్ వాసన వస్తేనే శుభ్రమైనట్టని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. కుక్క పక్క కంపు కొడుతుంటే అదే బక్కెట్లో నాలుగు మూతలు నల్ల ఫినాయిల్ పోసి ముంచి తీస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అందులో బొగ్గు తారు నుంచి వచ్చే ఫీనాల్ జాతి రసాయనాలు ఉంటాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి, చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తాయి. పైగా కుక్క తన పాదాలు, ఒళ్ళు నాకుతూనే ఉంటుంది. ఒంటికి అంటింది ఏదైనా కాసేపట్లో కడుపులోకి చేరుతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ, దాని కాలేయానికి ఫీనాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. గచ్చు ఫినాయిల్‌తో తుడిస్తే మంచినీళ్ళతో ఇంకోసారి తుడిచి, పూర్తిగా ఆరాకే పక్క పరవండి.

పురుగులు రాకుండా పరుపు కింద కలరా ఉండలు, కర్పూరం పెట్టేవాళ్ళున్నారు. రెండూ కుక్కకు విషమే. గేదెలకు కొట్టే గోమార్ల మందు పరుపు మీద కొట్టడం, కిరసనాయిలు చల్లడం కూడా వద్దు. పొరపాటున ఇలాంటిది ఏదైనా తగిలి కుక్క చొంగ కారుస్తూ, వాంతులు చేసుకుంటూ, వణుకుతూ కనిపిస్తే ఒళ్ళంతా ధారాళంగా నీళ్ళతో కడగండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. ఆ సీసా చేత్తో పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి, అందులో ఏముందో తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

బ్లీచ్ మాటేమిటని అడుగుతారు. మామూలు ఉతుకుడికి అవసరం లేదు. మూత్రం తడి ఉన్నచోట బ్లీచ్ పోస్తే క్లోరమైన్ అనే వాయువు వస్తుంది. వెనిగర్‌తోనో, బాత్రూమ్ యాసిడ్‌తోనో కలిస్తే క్లోరిన్ వస్తుంది. రెండూ కళ్ళను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. బ్లీచ్ నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. కుక్కపిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు. ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది, సబ్బుతోగాని ఫినాయిల్‌తోగాని నమ్మకంగా చావదు. ముందు సబ్బుతో ఉతికి మురికంతా వదిలించి, తర్వాత ఒక పాలు బ్లీచ్‌కి 30 పాళ్ళ నీళ్ళు కలిపి పది నిమిషాలు ముంచి, గాలి ఆడేచోట చాలాసార్లు జాడించాలి. పక్క చవకదైతే పారేయడమే మంచిది.

ఆరబెట్టడం దగ్గర తొందరపడకండి. పైన పొడిగా ఉన్న ఫోమ్ పరుపు లోపల తడి పట్టుకుని ఉంటుంది. అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. తడి మిగిలితే బూజు పడుతుంది, పాత మూత్రం వాసన కూడా మళ్ళీ లేస్తుంది. ఎండాకాలం మేడమీద తిరగేస్తూ రెండు పూటలు ఎండబెడితే చాలు. వానల్లో మాత్రం టెన్షనే, ఫ్యాన్ కింద రెండ్రోజులైనా పట్టొచ్చు. నూలు బట్ట అయితే కుట్ల వెంట వేడి ఇస్త్రీ పెట్టె నడిపించండి, దాక్కున్న పురుగులు ఆ వేడికి ఆగవు.

ఇదంతా ఆలోచిస్తే, ఖరీదైన ఫోమ్ పరుపుకన్నా పాత నూలుచీరలు మడిచి కుట్టిన పలుచటి బొంతలే నాకు నచ్చుతాయి. రెండుంటే ఒకటి ఉతుకులో ఉండగా ఇంకొకటి పరవొచ్చు. వారానికోసారి ఉతకడం తేలిక, త్వరగా ఆరతాయి. ఫోమ్ పరుపే వాడుతుంటే దానికి జిప్ ఉన్న కవర్ ఉండాలి, కవర్ వారం వారం, లోపలిది నెలకోసారి. దూది పరుపును ఉతకలేం కాబట్టి గలీబు తొడిగి తరచూ ఎండలో వెయ్యండి. ముసలి కుక్కలు, కొత్తగా ఇంటికొచ్చిన కుక్కలు తమ వాసన పోతే బెంగపడతాయి. వాటికి అన్నీ ఒకేసారి ఉతికెయ్యకుండా, పురుగుల బెడద లేనప్పుడు, ఒక గుడ్డ అలాగే ఉంచండి.

పనికిరాకుండా పోయిన పక్కను వీధి చివర పడెయ్యకండి. చలి రాత్రి ఏ వీధికుక్కో, దాని పిల్లలో వచ్చి అందులోనే పడుకుంటాయి. పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, చెత్తబండి వచ్చినప్పుడు చేతికి అందించండి.

నమస్కారం.